వర్షమాపకము నేర్పు పాఠము

మృగశిర కార్తె ప్రవేశించినది మొదలు పల్లెలలో రచ్చబండకడ ఒకటే ప్రశ్న: రాత్రి వాన ఎంత కురిసినది? దుక్కికి చాలిన పదునైనదని ఒకరందురు; దుమ్ము మాత్రమే అణగినదని వేరొకరందురు. ఈ వాదమును తీర్పగలది కొలత యొక్కటియే. ఆ కొలతను నేర్పుటకు పాఠశాల ఆవరణముకంటె తగిన చోటు లేదు.

వానను కొలుచుట మన దేశమునకు క్రొత్త విద్య కాదు. వర్షమును కొలుచుటకై కోష్ఠాగారమున ఒక పాత్రను ఉంచవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము విధించినది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. 1948లో ఆ శాఖలో చేరిన అన్నా మణి, వాతావరణ పరికరములను స్వదేశముననే నిర్మించుటకు విశేషముగా పాటుపడిరి. తప్పు కొలతకంటె కొలత లేకుండుటయే మేలని ఆమె అభిప్రాయము.

పాఠశాలకు గొప్ప యంత్రములు అక్కరలేదు. నిలువు గోడలును, చదునైన అడుగును గల పాత్ర యొకటి, కొలబద్ద యొకటి, థర్మామీటర్లు రెండు చాలును. పాత్రను చెట్లకును గోడలకును దూరముగా ఉంచి, వాతావరణ శాఖవారివలెనే ప్రతిదినము ఉదయము 8.30 గంటలకు అందలి నీటి లోతును చూడవలెను. ఒక మిల్లీమీటరు వాన యనగా చదరపు మీటరునకు ఒక లీటరు నీరు. 100 చదరపు మీటర్ల మిద్దెపై 20 మిల్లీమీటర్ల వాన కురిసినచో, పడిన నీరు 2,000 లీటర్లు. ఈ లెక్కను స్వయముగా చేసిన బాలుడు మిద్దెపై నీటిని వృథాగా పోనీయడు.

థర్మామీటర్లను నీడలో వ్రేలాడదీసి, ఒకదాని బల్బునకు తడిగుడ్డ చుట్టవలెను. తడి ఆరునపుడు వేడిని గ్రహించును గనుక అది తక్కువ అంకెను చూపును. మట్టికుండలో నీరు చల్లబడుటకును కారణమిదియే. గాలిలో తేమ హెచ్చినకొలది రెండు అంకెల భేదము తగ్గును. ఉక్కపోతనాడు చెమట ఏల ఆరదో అప్పుడు బోధపడును.

చేతిలోని ఫోను వాతావరణమును తెలుపుచుండగా ఈ శ్రమ యెందుకని కొందరందురు. కాని ఊరికి ఊరికి వాన మారును. అదియును గాక, ఇతరులు చెప్పినది వినుట సమాచారము. తాను కొలిచి తెలిసికొనుట విజ్ఞానము.

ఇంతకంటె గొప్ప పాఠము మరొకటి కలదు. ఆదివారము పాత్రను చూచుట మరచిన విద్యార్థికి, సోమవారము పుస్తకములో ఖాళీ గడి కనబడును. అందు సున్న చుట్టినచో పట్టుకొనువారెవ్వరు? కాని సున్న యనగా వాన కురియలేదని సాక్ష్యము. ఖాళీ యనగా చూడలేదని ఒప్పుకోలు. ఈ రెండును ఒకటి కావు. పాత్రలోని నీరు రెండు దినములదని వ్రాయుటయే ధర్మము. ఖాళీ గడికి మార్కులు తగ్గించు ఉపాధ్యాయుడు తెలియకయే అసత్యమును నేర్పినవాడగును.

ప్రతి పాఠశాలయు ఒక పాత్రను, ఒక పుస్తకమును నేడే సిద్ధపరుపవలెను. అందు వ్రాయు అంకె ఎంత చిన్నదైనను, కంటితో చూచినదై యుండవలెను.