నాడాలు ఊడదీశాక గుర్రాన్ని వదిలేయకండి

బోయినపల్లి మండలంలోనూ, చుట్టూ ఉన్న వేములవాడ, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల్లోనూ పెళ్లి బారాత్‌లకు గుర్రాలు నడిపే అన్నదమ్ములకు, వాటిని కిరాయికి మాట్లాడుకునే పెళ్లివారికి ఒక మాట.

ఆషాఢం వచ్చిందంటే ముహూర్తాలుండవు. డీజే బండ్లు షెడ్డుకు చేరతాయి, బ్యాండు మేళం వాళ్లు నాట్ల పనుల్లో పడతారు, గుర్రం కొట్టానికే పరిమితమవుతుంది. ఖాళీ రోజులే కదా అని కొందరు నాడాలు ఊడదీయిస్తారు. మంచి పనే. ఇనుప నాడా ఉన్నంతకాలం గిట్ట అడుగు పడ్డప్పుడల్లా సహజంగా విచ్చుకోలేదు, మేకు దిగిన ప్రతిచోటా గోరుకు చిల్లు పడుతుంది. ఎండాకాలమంతా సీసీ రోడ్ల మీద ఆడిన కాళ్లకు కొన్నాళ్లు తెరిపి కావాలి. కానీ నాడా తీసిన మర్నాటి నుంచే ఆ కాళ్ల వైపు చూడటం మానేస్తున్నాం. జాగ్రత్త పడాల్సింది సరిగ్గా అప్పుడే.

ముందు తీసే పద్ధతి చెబుతాను. గోరు పక్కన బయటికి వచ్చి మడత పడిన మేకు మొనలను మొదట తెంపాలి, లేదా నిటారుగా లేపాలి. ఆ తర్వాత పట్టకారుతో మడమ వైపు నుంచి కొద్దికొద్దిగా వదులు చేస్తూ రావాలి. వీలైతే ఒక్కో మేకును విడిగా లాగాలి. మొనలు తెంపకుండా ఒక్క ఊపున పీకితే గిట్ట అంచు పెచ్చులుగా లేచి వస్తుంది. తీసిన మేకులన్నీ లెక్కపెట్టండి. గడ్డిలో పడిపోయిన ఒక్క మేకు అరికాల్లో దిగినా ప్రాణం మీదికి వస్తుంది, ఎందుకంటే గుర్రాలకు ధనుర్వాతం చాలా తేలిగ్గా సోకుతుంది. ఆ టీకా ముందే వేయించి ఉంచండి. మిగిలిన పదును అంచును ఆకురాయితో గుండ్రంగా అరగదీయించండి. అరికాలును మాత్రం చెక్కనివ్వకండి. ఇన్నాళ్లూ నాడా ఎత్తు మీద ఉన్న అరికాలు ఇప్పుడు నేరుగా రాళ్ల మీద ఆనాలి. నున్నగా కనపడాలని దాన్ని పల్చన చేస్తే గుర్రం కుంటక తప్పదు.

గుర్రపు గోరు నెలకు సెంటీమీటరుకు కాస్త తక్కువే పెరుగుతుంది. వెంట్రుకలు ఆగిన చోట పుట్టిన కొత్త గోరు ముందు అంచు దాకా దిగేసరికి దాదాపు ఏడాది పడుతుంది. మేకు చిల్లులు కిందికి జరిగి పోవడానికే కొన్ని నెలలు కావాలి. కాబట్టి ఒక్క ఆషాఢంతో గిట్ట కొత్తదైపోదు. మూఢాలు కలిసొచ్చిన సంవత్సరం తీరిక ఎక్కువ దొరుకుతుంది, దాన్ని వాడుకోండి. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి అంచు సరిచేయించడం మానొద్దు. అరికాలు పల్చగా ఉన్న గుర్రానికి, ఇదివరకు గిట్ట జబ్బు చేసిన గుర్రానికి అసలు నాడా తీయాలా వద్దా అన్నది పశువైద్యుడినే అడగండి.

మనకు పెద్ద చిక్కు వానతోనే. తీసేది వానాకాలం మొదట్లో, నిలబెట్టేది పేడ, మూత్రం, బురద కలిసిన కొట్టంలో. సుమారు 2400 ఏళ్ల కిందట, గుర్రాలకు మేకులతో నాడాలు కొట్టని కాలంలో, గ్రీకు సేనాని జెనోఫన్ గుర్రాల పోషణ మీద ఒక పుస్తకం రాశాడు. తడిగా, నున్నగా ఉన్న నేల మంచి గిట్టలను కూడా పాడుచేస్తుందని, పిడికెడంత గుండ్రాళ్లు పరిచిన చోట గుర్రాన్ని నిలబెట్టమని అందులో చెప్పాడు. కొట్టంలో ఒక మూల ఎత్తుచేసి, నీళ్లు జారిపోయేలా గులకరాళ్లు పోయడం మన చేతిలో పనే.

రోజూ ఒకసారి నాలుగు కాళ్లూ ఎత్తి చూడండి. అరికాలి నడుమ మెత్తగా, మూడు మూలలుగా ఉండే భాగం, దానికి ఇరువైపులా గాళ్లు కనిపిస్తాయి. మొద్దు మొన ఉన్న కొక్కెంతో మడమ నుంచి ముందుకు మట్టి తీసి, వాసన చూడండి. ఆరోగ్యంగా ఉన్న గిట్టకు మట్టి వాసనే ఉంటుంది. కుళ్లు కంపు కొడుతూ నల్లటి జిగురు వచ్చిందంటే గాడి కుళ్లుతున్నట్టే. కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నీళ్లలో కలిపిన అయోడిన్ మందు పూయండి. పాత ఇంజనాయిల్ పూసే అలవాటు ఉంటే మానుకోండి.

నాడా తీసిన మొదటి వారాల్లో గుర్రం అడుగులు చిన్నవి కావచ్చు, గడ్డి ఉన్న వైపుకు జరగొచ్చు. అప్పుడు గ్రానైటు పొట్టు రాళ్లు పడిన బాటల మీద నడపకండి. చెలకలో, వాగు ఇసుకలో నెమ్మదిగా తిప్పండి. ఉన్నట్టుండి ఒక కాలు ఆనించకపోయినా, గిట్ట వేడెక్కినా, గిట్ట పైన వెనకభాగంలో నాడి గట్టిగా కొట్టుకుంటున్నా అది మామూలు నొప్పి కాదు. లోపల చీము పట్టి ఉండొచ్చు, లేదా లామినైటిస్ అనే గిట్ట వాపు మొదలై ఉండొచ్చు. ఒక్కరోజు కూడా ఆగకుండా పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేయండి, లేదా దగ్గరి పశువైద్యశాలకు కబురు చేయండి.

ఈ వాపుకు మేత కూడా కారణమవుతుంది. పని లేని గుర్రానికి పని ఉన్నప్పటి లెక్కన దాణా పెట్టకండి. పెళ్లివారికి కూడా నా మనవి ఇదే. ప్రేమతోనే అయినా బగారన్నం, లడ్డూలు గుర్రం నోటికి అందించకండి. ఒక్కసారి మితిమీరి గింజలు, అన్నం తిన్నా గిట్టలు శాశ్వతంగా చెడిపోవచ్చు. వేములవాడ రాజన్న గుడిలో కోడెమొక్కు చెల్లించేటప్పుడు ఆ కోడెను ఎంత భక్తితో ప్రదక్షిణ చేయిస్తాం! పెళ్లికొడుకును మోసే జీవానికి అందులో సగం మన్నన దక్కినా చాలు. గుర్రాన్ని మాట్లాడుకునే రోజే కాళ్లు ఎత్తించి చూడండి. నాడా లేని గుర్రాన్ని తారు రోడ్డు మీద గంటల తరబడి ఆడించమని అడగకండి. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బరువు మోసే జంతువులతో పని చేయించరాదని 1965 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. పగటి ఊరేగింపులు పెట్టుకునేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

చివరిగా కోరుట్ల పశువైద్య కళాశాల పెద్దలకు ఒక విన్నపం. ఏటా ఆషాఢంలో ఒక రోజు బోయినపల్లిలో గిట్టల శిబిరం పెట్టండి. మీ విద్యార్థులను, ఈ పని చేతితో నేర్చిన నాడాలు కొట్టేవారిని ఒకచోట కూర్చోబెట్టండి. గుర్రాలను తోలుకురావడం మా బాధ్యత.