పదమూడవనాటి సంతకము

మన తెలుగువారి యిండ్లలో తండ్రి పోయిన పదమూడవనాడు జరుగు తంతు ఒకటి కలదు. అది ఏ శాస్త్రమునందును కానరాదు. ఉదయము శుభస్వీకారమగును. బంధువులు భోజనములు చేయుదురు. విస్తళ్లు తీసిన పిమ్మట పెద్దలు నలుగురు వసారాలో కూర్చుండి, ఆడపడుచులను పిలిచి, పసుపు కుంకుమలతో చీరయు రవికయు ఇప్పించి, ఆ పళ్లెరము ప్రక్కనే ఒక కాగితము పెట్టి, "ఇక్కడొక సంతకము చేయమ్మా" అందురు. ఏడ్చి ఏడ్చి కన్నులు వాచిన ఆ యాడకూతురు చేయును. దీనికి పుట్టింటి మర్యాద అని పేరు పెట్టుకొంటిమి. బరంపురములో ఒక వకీలుగారి వద్ద ముప్పది నాలుగేండ్లు గుమాస్తాగా నుండి ఇట్టి కాగితములు ఎన్నియో వ్రాసిన మేము దీనిని మోసమనియే అనుచున్నాము. కోపగించువారు కోపగింపవచ్చును. మేము మెట్రిక్ మాత్రము చదివినవారము. చట్టమును దస్తావేజులు వ్రాయుచు నేర్చితిమి.

"కొత్త చట్టములు వచ్చి ఆడపిల్లలకు లేనిపోని ఆశలు పుట్టించినవి" అని పెద్దలు వాపోవుట మన సభలలోనే వినుచున్నాము. ఏది కొత్త? తండ్రి స్వార్జితమైన ఇల్లు గాని, పొలము గాని, సొమ్ము గాని, ఆయన విల్లు వ్రాయక పోయినచో, భార్యకు, తల్లి యున్నచో తల్లికి, కొడుకులకు, కూతుళ్లకు సమానముగా చెందుట 1956 జూన్ 17వ తేదీ నుండి ఉన్నదే. అప్పటికి మేమింకను పుట్టలేదు. తరువాత మారినది ముఖ్యముగా పిత్రార్జితము సంగతి. ఇచ్చట రైలెక్కిన గంటలోపల చేరు ఇచ్ఛాపురములో, 1985 సెప్టెంబరు 5 నాటికి పెండ్లికాని కూతుళ్లకు పిత్రార్జితమున కొడుకులతో సమానమైన హక్కు వచ్చినది; అప్పుడక్కడ రామారావుగారి ప్రభుత్వము. సరిహద్దుకు ఈవలనున్న మన ఆడపిల్లలు 2005 సెప్టెంబరు 9 వరకు వేచియుండవలసి వచ్చెను. ఆ తేదీకి తండ్రి బ్రదికి యుండవలెనా అను తగవును సుప్రీం కోర్టు 2020 ఆగస్టు 11న, ఉండనక్కరలేదని తీర్చినది. కాపురముండు ఇంటిని మగ వారసులు పంచుకొననిదే కూతురు పంపకము అడుగరాదను నిబంధనయు ఒకటి పాత చట్టములో నుండెను. అదియు 2005లోనే పోయినది. ఇంకను దానిని పట్టుకొని వ్రేలాడువారిని మేమెరుగుదుము.

శాస్త్రము పేరు చెప్పువారికి ఒక మాట. తిక్కన కాలమువాడగు కేతన మితాక్షరను విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను. మన పూర్వులు ధర్మమును తమ భాషలో చదువుకొనగోరిరన్నమాట. ఆ మితాక్షర మతమున తల్లి స్త్రీధనము ముందుగా కూతుళ్లకే చెందవలెను. మనమెన్నడైన అట్లు చేసితిమా? తల్లి కన్నుమూసిన గంటకే బీరువా తాళపుచెవి పెద్దకోడలి కొంగున ముడిపడును. కొడుకునకు లాభించినచోట శాస్త్రము, లాభింపనిచోట లోకాచారము!

ఇతరుల సంగతి ఎందులకు? 1991లో మా నాయనగారు పోయిరి. అమ్మ అంతకు ముందే పోయినది. ఉద్యోగము చేసి కూడబెట్టి నాయనగారు కట్టించిన పెంకుటిల్లు, బ్యాంకులో కొంత సొమ్ము మిగిలినవి. సంతానము మా అప్పగారు, మేము, అంతే. సోంపేట ప్రక్క పల్లెకిచ్చిన అప్పగారికి ఒడియా మాట వచ్చును, అక్షరము రాదు. విడుదల దస్తావేజు మేమే వ్రాసితిమి, ఒడియాలో. చివర "చదివి వినిపింపగా విని, అర్థము చేసికొని, మనఃపూర్వకముగా సమ్మతించి" అను వాక్యమును చేతి అలవాటు చొప్పున చేర్చితిమి. చదివినవారు లేరు, వినినవారు లేరు. పదమూడవనాడు ఇంట సంతకము, మరునాడు రిజిస్ట్రారు కచేరీ. ఆ ఒడియా వ్రాత క్రింద అప్పగారు తన పేరును గుండ్రని తెలుగు అక్షరములతో, తొందరపడక, దిద్దినట్లు వ్రాసినది. చట్టప్రకారము ఆ యింట ఆమెకు సగము. ఆమె తీసికొని పోయినది బరంపురము పట్టుచీర ఒకటి.

2012లో, బావగారు పోయిన కొన్ని నెలలకు, మా యింట భోజనము చేసి చేయి కడుగుకొనుచు, "తమ్ముడూ, ఆనాడు ఆ కాయితంలో ఏటి రాసేవురా?" అని అడిగినది. వాటా అడుగలేదు. వకీలుగారి గదిలో ఎందరికో బదులు చెప్పిన మా నోట ఆనాడు మాట రాలేదు. తరువాత చేసిన సర్దుబాటు ఇంటి సంగతి గనుక వ్రాయము. అది సగమునకు చాల తక్కువ అని మాత్రము చెప్పుదుము.

"పెండ్లికి కట్నమిచ్చితిమి గదా, అదే దాని వాటా" అందురు. ఆ కట్నము పిల్ల చేతికి వచ్చినదా, వియ్యంకుని పెట్టెలోనికి పోయినదా? పైగా 1961 నుండి నేరమైన పనిని చూపి బాకీ చెల్లినదనుట ఏ లెక్క? "బ్యాంకులో నామినీ నేనే, సొమ్మంతయు నాదే" అనువారు మరికొందరు. నామినీ సొమ్ము పుచ్చుకొనువాడే గాని సొంతదారుడు కాడని భీమా సొమ్ము విషయమున సుప్రీం కోర్టు 1983లోనే చెప్పినది.

"ముసలితనమున చూచినది కొడుకూ కోడలూ గదా" అను మాట వేరు. ఇందులో న్యాయము కలదు. మంచముపట్టిన మామగారికి మూడేండ్లు పక్కబట్టలు మార్చిన కోడలి కష్టము ముందు, సంక్రాంతికి వచ్చి పోవు కూతురి కన్నీరు తేలికగానే తోచును. కాని ఆ కష్టమునకు వెల కట్టవలసినవాడు తండ్రి. స్వార్జితమును తన యిష్టము వచ్చినవారికి వ్రాయుటకు చట్టము ఆయనకు పూర్తి అధికారమిచ్చినది. విల్లుకు స్టాంపు అక్కరలేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. తెల్లకాగితముపై తెలుగులోనే వ్రాసి, ఇద్దరు సాక్షుల యెదుట సంతకము చేసి, వారిచేత సంతకములు పెట్టించిన చాలును. అంతమాత్రమునకు మన పెద్దలు "ఇప్పుడే చావు మాట ఎందుకురా" అని తప్పించుకొందురు. ఏ బ్యాంకులో ఎంత యున్నదో భార్యకైనను చెప్పరు. పదేండ్లు ఎవరును అడుగని డిపాజిట్టు రిజర్వు బ్యాంకు నిధికి పోవును. మరల రాబట్టుకొనవచ్చును గాని, ఉన్నదని తెలిసినప్పుడు గదా! తండ్రి నోరు మెదపక పోయెను గనుక ఆయన పేర కొడుకు వ్రాసికొనుట మాత్రము మేమొప్పము. ఆయన వ్రాయనిచోట చట్టము చెప్పిన పంపకమే ఆయన పంపకము.

ఆడపడుచు తెలిసి వదలుకొన్నచో అది ఆమె ఔదార్యము, మేము కాదనము. తెలియుట యనగా ఏమి? కాగితము ఆమెకు వచ్చిన భాషలో చదువబడవలెను. ఇంటి వెల నేటి ధరకు ఎంత, అందులో ఆమె వాటా ఎంత అనునది అంకెలతో చెప్పబడవలెను. మైల విడిచిన మరుగంటలో ఆ పని పెట్టరాదు. పదమూడవనాడు వ్రాయింపనిచో హక్కు చెడునని ఏ చట్టమును చెప్పదు. "అందరును మరల ఒకచోట చేరరు గదా" అను తొందర యంతయు కొడుకులదే. ఇల్లు, పొలముల విషయమున వసారాలో పెట్టించిన ఉత్త సంతకము రిజిస్టరు కానిదే చెల్లదు గూడ. అందుకే మరునాడు ఆమెను కచేరీకి తీసికొని పోవు సన్నాహము.

మన సంఘమువారు ఉగాదికి కవి సమ్మేళనము జరుపుదురు, సంతోషమే. దానితోపాటు ఒడియా దస్తావేజును తెలుగున చదివి చెప్పగలవారిని ఇద్దరు ముగ్గురిని ఏర్పరచి, సంతకమునకు ముందు ఆడపడుచు కోరినచో ఇంటికి పంపవలెనని మా మనవి. రుసుము వలదు, కాఫీయు వలదు. మొదటి పేరు మాది వ్రాసికొనవచ్చును. ఆదివారములందు సాయంకాలము 5 గంటల తరువాత మేము ఇంటనే యుందుము.