సరకు మనది, ఓడ పరులది

దిగుమతి సరకు నమ్ము దుకాణదారుని గూర్చి జాతీయపత్రిక సంపాదకీయము వ్రాయుట వింతగా దోపవచ్చును. స్వదేశీవ్రతమును బోధించు లేఖిని విదేశపు బొమ్మలకును, గాజుసామానునకును దారి చూపనేల యని కొందరు చదువరులు ముక్కున వ్రేలు వేసికొందురు. మే మా సరకును మెచ్చుటలేదు. కాని కొనువాడు కొనుచున్నాడు, అమ్మువాడు అమ్ముచున్నాడు. ఆ సరకు సముద్రము దాటి వచ్చుటకు మన వర్తకుడు చెల్లించు ఓడకేవు ఎవరి పెట్టెలోనికి పోవుచున్నది, ఆ ప్రయాణమునకు యజమాని యెవరు అను ప్రశ్న మాత్రము ముమ్మాటికిని స్వదేశీ ప్రశ్నయే.

మన చిల్లర వర్తకులలో పెక్కురు విదేశపు వర్తకునితో బేరమాడునపుడు సరకు వెల, భీమా, ఓడకేవు మూడును కలిపి యొక్క మొత్తముగా నొప్పుకొందురు. దీనినే సి.ఐ.ఎఫ్. అందురు. గుమాస్తాకు శ్రమ లేదు, నిజమే. కాని ఓడను ఎన్నుకొనువాడు అమ్మినవాడు. భీమా చేయించువాడును వాడే. 2020 నాటి అంతర్జాతీయ వాణిజ్య నిబంధనల ననుసరించి అతడు కనీసపు భీమా చేయించిన చాలును. దొంగతనమునకు గాని, పెట్టెలోనికి సముద్రపు నీరు దూరుటకు గాని ఆ కనీసపు భీమా సాధారణముగా పలుకదు. సరకు ఓడ నెక్కినది మొదలు నష్టభారము మాత్రము కొన్నవానిదే. పగ్గములు వాని చేతిలో, పల్లమున బడుట మన వంతు!

ఇది ఊహ కాదు. 2021 మార్చి 23వ తేదీన ఎవర్ గివెన్ అను మహానౌక సూయజు కాలువకు అడ్డముపడి 29వ తేదీ వరకు కదలలేదు. పిమ్మట ఈజిప్టువారు దానిని జూలై 7వ తేదీ వరకు విడువలేదు. ఈలోగా ఓడ యజమానులు జనరల్ ఏవరేజి ప్రకటించిరి. ఓడను రక్షించుటకైన వ్యయమును అందు సరకు గలవారెల్లరును పంచుకొనవలె ననునది ప్రాచీన నౌకాధర్మము. తన పెట్టెకు గీటైనను పడనివాడును పూచీ చూపనిదే సరకు పొందజాలడు. భీమా గలవానికి కంపెనీ పూచీపడును. లేనివాడు రొక్కము కట్టవలసినదే. 2023 నవంబరు నుండి యెఱ్ఱసముద్రమున ఓడలపై దాడులు జరుగగా పెద్ద కంపెనీలు తమ ఓడలను గుడ్ హోప్ అగ్రము చుట్టి నడిపించినవి. ప్రయాణము పది పదునైదు దినములు పెరిగినది. దీపావళికి రావలసిన రంగుదీపములు కార్తికపౌర్ణమికి వచ్చినచో కొనువా డెవడు?

కావున పండుగనుండి వెనుకకు లెక్కించుట నేర్వవలెను. హైదరాబాదు దుకాణమునకు వచ్చు పెట్టె నవాషేవాలోనో, చెన్నపట్టణములోనో, విశాఖలోనో దిగి రైలో లారీయో ఎక్కవలెను. తూర్పుతీరమునకు వచ్చునవి పెక్కు కొలంబోలోనో సింగపూరులోనో ఓడ మారును. అచట ఒక వారము నిలిచినను ఆశ్చర్యము లేదు. చీనావారి సంవత్సరాదికి అచటి కర్మాగారములు వారములకొలది మూతపడును. సుంకపు కచ్చేరీలో బిల్ ఆఫ్ ఎంట్రీని, 2021 నాటి సవరణ తరువాత, సామాన్యముగా ఓడ వచ్చుటకు ముందటి దినము లోపలనే దాఖలు చేయవలెను. బ్యాంకునుండి కాగితములు ఓడకంటె వెనుక వచ్చినచో పెట్టె రేవులో కూర్చుండును, డెమరేజి పెరుగుచుండును.

మా సలహా యిది. ఎఫ్.ఓ.బి. షరతుపై, పెట్టెలలో వచ్చు సరకైనచో ఎఫ్.సి.ఏ. షరతుపై కొనుడు. ఓడను మీరే కుదుర్చుకొనుడు, భీమా మన దేశపు కంపెనీలో మీరే చేయించుడు. సుంకము పెరుగునను భయము వలదు. ఏ షరతుపై కొన్నను సుంకమునకు కట్టు విలువలో కేవును భీమాయు చేరియే యుండును. ఒక్కని సరకు పెట్టె నిండదందురా, నలుగురు కలిసి నింపుడు.

1906లో తూత్తుకుడిలో స్వదేశీ ఓడల కంపెనీ స్థాపించిన చిదంబరం పిళ్ళ న్యాయవాదియే. తెల్లవారి కంపెనీ ఛార్జీలు తెగగోసి పోటీ చేసెను. 1908లో ఆయన చెరపాలయ్యెను. కొలదికాలమునకు కంపెనీయు మూతబడెను. 1919 ఏప్రిలు 5వ తేదీన సింధియావారి 'లాయల్టీ' బొంబాయినుండి లండనుకు సాగెను. 1948 మార్చి 14వ తేదీన విశాఖలో నెహ్రూ 'జలఉష'ను నీట దింపెను. 1980ల చివర మన విదేశవ్యాపారమున నూటికి నలువది వంతుల సరకు మన ఓడలు మోసినవి. నేడది పది వంతులకైనను లేదు. పెట్టెల ఓడలు మనకు మిక్కిలి తక్కువ గనుక, షరతు మార్చిన మాత్రమున కేవు మనకే దక్కు నని మేము చెప్పము. కాని ఎన్నుకొను హక్కును వదలుకొన్నవానికి స్వదేశపు ఓడ రేవులో నిలిచియున్నను లేనట్లే.

మన పట్టణముల వర్తకసంఘములు రాబోవు సమావేశములందు ఈ యొక్క షరతునైనను చర్చకు బెట్టి, నమూనా ఒప్పందపత్రమును తెలుగున అచ్చొత్తించి సభ్యులకు పంచవలెనని కోరుచున్నాము. దానికి వలయు న్యాయవాదుల సాయము వెల లేకయే దొరకును.