సెంటీమీటర్లతో గీసిన డబ్బా

మొన్న మా అమ్మాయి తన కాలేజీ రిపోర్టు చూసిపెట్టమంది. లేటెక్‌లో చేసింది. అందులో 6×6 మాత్రిక, ఎడమ పై మూలనున్న 3×3 ముక్క చుట్టూ డబ్బా. ఆ డబ్బా గీత కాస్తా మూడో నిలువు వరుసని నిట్టనిలువునా కోస్తోంది!

విషయమేంటంటే, టిక్‌జీలో సెంటీమీటర్లు కొలిచి గీసింది. తర్వాతెప్పుడో 2 తీసేసి మైనస్ 12 పెట్టింది. వరుస లావెక్కింది, గీత మాత్రం ఉన్నచోటే ఉంది. "అర్థమవుతోంది కదా నాన్నా" అంటుంది.

నాకు నవ్వే హక్కులేదు లెండి. ఓ క్లయింటుకి నేనిచ్చిన డాక్యుమెంటులోనూ ఇదే తప్పు. 3×3ని 2×2 అనుకుని ఒకాయన కోడు రాసేశాడు. రెండ్రోజులు గంగలో కలిశాయి.

నా మటుకు నాకు ఆ డబ్బా అలంకారం కాదు, గణితంలో భాగమే. ముక్కలుగా గుణించాలంటే మొదటి మాత్రికలో నిలువు వరుసల్ని ఎక్కడ విడగొట్టామో, రెండోదాన్లో అడ్డు వరుసల్నీ అక్కడే విడగొట్టాలి. గీత జరిగితే లెక్కే తప్పు.

ఊరికే విడగొట్టడానికైతే అర్రేలో నిలువు గీత, హెచ్‌లైన్ చాలు. ఒక్క ముక్క చుట్టూ కావాలంటే నైస్‌మేట్రిక్స్ ప్యాకేజీలో బ్లాక్ కమాండుంది. ఎన్ని వరుసలో చెప్పి, డ్రా అంటే సరి. అంకె మారితే గీతా దాంతోపాటే కదుల్తుంది. ఇక ముక్కకో రంగు పూసేవాళ్ళంటారా, నలుపు-తెలుపు ప్రింటు తీసి చూసుకోండి బాబూ!

అమ్మాయి మార్చింది. "డబ్బా మాయమైంది నాన్నా!" అని కేక.

ఇంకోసారి కంపైల్ చెయ్యమన్నాను. స్థానాలు మొదటిసారి రాసుకుంటుంది, తర్వాతే గీస్తుంది.