అభిమానము – అధికారము

మనము మిక్కిలి ప్రేమించినవాడు మనలను విడిచి, ఎక్కువ ధన మిచ్చువారి కడకు పోయినచో మనకు కలుగు బాధ సామాన్యమైనది కాదు. "ఇన్నాళ్లు మనవాడనుకొంటిమి. తుదకు డబ్బునకు లొంగిపోయెనే!" అని మనసు క్రుంగును. పిమ్మట ఆ బాధయే కోపముగా మారును. ఆ కోపము న్యాయమైనదా, కాదా యని విచారించుటకు అమెరికా దేశపు బేస్‌బాల్ క్రీడలోని ఒక వృత్తాంతము మనకు చక్కగా నుపకరించును.

మనకు క్రికెట్టు ఎట్టిదో అమెరికావారికి బేస్‌బాల్ అట్టిది. అందును ఒకడు బంతి విసరును, వేరొకడు బ్యాటుతో కొట్టును. కొట్టినవాడు మైదానములో గుర్తించిన నాలుగు స్థానములను వరుసగా చుట్టి వచ్చినచో ఒక పరుగు లభించును. బంతిని ఆవలి గోడమీదుగా దాటునట్లు కొట్టుటను హోమ్ రన్ అందురు. అది మన సిక్సరు వంటిది. అచ్చట జట్లు నగరముల పేర వెలసియున్నవి. తాత అభిమానించిన జట్టునే తండ్రియు, తండ్రి అభిమానించిన జట్టునే బిడ్డలును అభిమానించుట పరిపాటి.

మిస్సోరి రాష్ట్రమున, మిసిసిపీ నది యొడ్డున సెయింట్ లూయిస్ అను నగరము కలదు. ఆ నగరపు జట్టు పేరు కార్డినల్స్. ఆట జరుగు దినమున వేలకొలది జనులు ఎర్రని చొక్కాలు ధరించి క్రీడాంగణమునకు తరలివత్తురు. ఆ క్రీడాంగణము వెలుపల స్టాన్ మ్యూజియల్ అను ఆటగాని విగ్రహము నిలిచియున్నది. ఆయన 1941 మొదలు 1963 వరకు, నౌకాదళములో పనిచేసిన 1945 తప్ప, తక్కిన ఏండ్లన్నియు ఆ యొక్క జట్టునకే ఆడెను. ఆ నగరవాసుల దృష్టిలో ఆటగాడనిన అట్లుండవలయును.

అట్టి నగరమునకు 2001లో ఆల్బర్ట్ పుహోల్స్ అను యువకుడు వచ్చెను. అతడు 1980లో డొమినికన్ రిపబ్లిక్ దేశమున జన్మించి, కౌమారమున కుటుంబముతో అమెరికాకు వచ్చినవాడు. 1999లో జట్లు క్రొత్త ఆటగాండ్రను ఎంచుకొనునప్పుడు 401 మంది పేర్లు పిలిచిన పిదపగాని అతని పేరు పిలువబడలేదు. అట్లు వెనుకబడినవాడు మొదటి యేటనే ఉత్తమ నూతన క్రీడాకారుడను బిరుదము పొందెను. 2005, 2008, 2009 సంవత్సరములలో తన విభాగమున అత్యుత్తమ క్రీడాకారుడుగా ఎన్నుకొనబడెను. 2006లోను, 2011లోను కార్డినల్స్ జట్టు వరల్డ్ సిరీస్ గెలుచుటలో ముఖ్యపాత్ర వహించెను. పదునొకండు ఏండ్లలో ఆ జట్టు తరఫున 445 హోమ్ రన్లు కొట్టెను. అతని సంఖ్యయైన 5 గల చొక్కా తొడుగని పిల్లవాడు ఆ ఊర అరుదుగా నుండెను.

2011 అక్టోబరు చివర వరల్డ్ సిరీస్ విజయముతో నగరమంతయు పండుగ చేసికొనెను. ఆ పండుగ ముగిసి రెండు నెలలైనను నిండకమునుపే, డిసెంబరులో, పిడుగువంటి వార్త వచ్చెను. పుహోల్స్ కార్డినల్స్‌ను విడిచి, లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్ అను జట్టులో చేరుచున్నాడు. పది సంవత్సరములకు సుమారు 24 కోట్ల డాలర్లు! కార్డినల్స్ యజమానులు ఇవ్వజూపిన మొత్తము అంతకంటె తక్కువ.

అభిమానుల గుండె పగిలెను. "ద్రోహి" యనినవారు కలరు. "ఇచ్చటి సొమ్ము మాత్రము పది తరములకు చాలదా?" అని ప్రశ్నించినవారు కలరు. "అతడు మనకు ఇచ్చినది చాలును. సుఖముగా పోనిండు" అనినవారును లేకపోలేదు. కాని కొంతకాలము వరకు కోపించినవారి గొంతే బిగ్గరగా వినవచ్చెను.

బాలబాలికలారా! ఆ కోపము వెనుకనున్న ఆరోపణలు రెండు. మొదటిది కృతఘ్నత, రెండవది ధనాశ. వీనిలో ఎంత నిజమున్నదో చూతము.

మొదటిదానికి సమాధానము కావలయునన్నచో, ఇదే నగరమున, ఇదే జట్టులో ఆడిన మరియొకని కథ వినవలయును. అతని పేరు కర్ట్ ఫ్లడ్. అతడు 1958 నుండి 1969 వరకు కార్డినల్స్‌కు ఆడిన గొప్ప ఆటగాడు. ఆ కాలమున బేస్‌బాల్ ఒప్పందములలో ఒక కఠినమైన నిబంధన యుండెడిది. దాని ప్రకారము ఒప్పందపు గడువు తీరినను ఆటగాడు తన యిష్టము వచ్చిన జట్టునకు పోరాదు. యజమాని మాత్రము వానిని ఉంచుకొనవచ్చును, తీసివేయవచ్చును, మరియొక జట్టునకు మార్చివేయవచ్చును. 1969 అక్టోబరులో కార్డినల్స్ యజమానులు ఫ్లడ్‌ను ఫిలడెల్ఫియా జట్టునకు మార్చివేసిరి. పోవుట నీకు సమ్మతమా యని అతనిని అడిగినవారు లేరు.

ఫ్లడ్ నల్లజాతీయుడు. మనుష్యుని సరకువలె కొనుటయు, అమ్ముటయు ఎంత ఘోరమో ఆ జాతివారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఆ యేడాది డిసెంబరు 24వ తేదీన అతడు క్రీడాధికారి యైన బౌయీ కూన్‌కు లేఖ వ్రాసెను. తన యిష్టముతో నిమిత్తము లేకుండ కొని అమ్ముటకు తాను వస్తువును కానని అందు తెలిపెను. అప్పటికి అతని జీతము ఏటికి 90,000 డాలర్లు. ఆ రోజులలో అది చాల పెద్ద మొత్తము. ఎంత జీతమిచ్చినను ఎన్నుకొను స్వేచ్ఛ లేనిచో అది బంధనమే యని అతని వాదము. వ్యాజ్యము అత్యున్నత న్యాయస్థానము వరకు పోయెను. 1972లో అయిదుగురు న్యాయమూర్తులు అతనికి ప్రతికూలముగను, మువ్వురు అనుకూలముగను తీర్పు చెప్పిరి. ఫ్లడ్ ఓడిపోయెను. 1970లో అతడు ఆడనే లేదు. 1971లో మరియొక జట్టునకు కొలది ఆటలాడి విరమించెను. కాని అతడు నాటిన విత్తనము వ్యర్థము కాలేదు. 1975 డిసెంబరులో, మరి యిద్దరు ఆటగాండ్ర వివాదమున మధ్యవర్తి చెప్పిన తీర్పుతో ఆ నిబంధన సడలిపోయెను. నిర్ణీతమైన ఏండ్లు ఆడినవాడు, ఒప్పందము తీరిన పిమ్మట, కోరిన జట్టులో చేరవచ్చుననెడి హక్కు అటుపిమ్మట ఏర్పడెను.

పుహోల్స్ వినియోగించుకొన్నది ఆ హక్కునే. 2011తో అతని ఒప్పందము ముగిసెను. ఒప్పుకొన్న ఏండ్లన్నియు మనసు పెట్టి ఆడి, రెండు పర్యాయములు నగరమునకు విజయకిరీటము తెచ్చి, గడువు తీరిన పిదప పోయెను. ఆట మధ్యలో విడిచిపోలేదు, మాట తప్పలేదు. ఇది కృతఘ్నత యెట్లగును?

యజమానులు చేసినచో దానిని మనము వ్యాపారమందుము, ఆటగాడు చేసినచో ద్రోహమందుము. సెయింట్ లూయిస్ నగరమున ఒకప్పుడు బ్రౌన్స్ అను రెండవ జట్టుకూడ ఉండెడిది. 1953 తరువాత ఆ జట్టే ఊరు విడిచి బాల్టిమోర్ నగరమునకు తరలిపోయెను. పోయినది ఒక ఆటగాడు కాదు, జట్టే పోయినది! పుహోల్స్ విషయముననే చూడుడు. గాయములును, వయస్సును అతని బలమును తగ్గింపగా, 2021 మే నెలలో, పదేండ్ల ఒప్పందము ముగియుటకు కొలది నెలలు మాత్రమే మిగిలియుండగా, ఏంజెల్స్ జట్టువారు అతనిని తమ జట్టునుండి తొలగించిరి. సొమ్ము ఇచ్చిరి గాని చోటు ఇవ్వలేదు. యజమానికి అక్కర తీరిననాడు ఆటగాడు పోక తప్పదు. అట్టిచో ఆటగాడు తన బలమున్ననాడు తన మేలు చూచుకొనుట తప్పెట్లగును?

ఇక ధనాశ యను ఆరోపణ. 24 కోట్ల డాలర్లు ఒక మనుష్యుని అవసరమునకు మించిన ధనమే. ఇందు సందేహము లేదు. కాని ఆ సొమ్ము ఎచ్చటినుండి వచ్చుచున్నది? టిక్కెట్లు కొని వచ్చు ప్రేక్షకులనుండి, ఆటను ఇంటింటికి చూపు టెలివిజను సంస్థలనుండి వచ్చుచున్నది. ఆటగాడు వలదన్నంతమాత్రమున అది ప్రేక్షకుని జేబులోనికి తిరిగి రాదు. యజమాని పెట్టెలో నిలుచును. ఆ ధనము ఎవరి ఆట చూచుటకు జనులు వచ్చిరో వానికి చేరుట అన్యాయమని నేననుకొనను.

అట్లని అభిమానుల బాధ అబద్ధమని నా యభిప్రాయము కాదు. ప్రేమ లేనిచోట బాధ లేదు. తండ్రి ప్రక్కన కూర్చుండి, పుహోల్స్ కొట్టిన బంతి గోడ దాటుచుండగా చప్పట్లు చరచిన పిల్లవానికి ఒప్పందపు నిబంధనలు చెప్పి ఊరడింప లేము. వాడు ఏడ్చినచో ఏడువనిండు. కాని ఏడ్పు వేరు, ద్వేషము వేరు. "నాకు బాధ కలిగినది" అనుట సత్యము. "నాకు బాధ కలిగినది కనుక వాడు దుష్టుడు" అనుట తప్పు లెక్క.

ఈ తప్పు లెక్కను నేనును ఒకప్పుడు వేసితిని. నేను ప్రధానోపాధ్యాయుడనుగా నున్న పల్లెటూరి పాఠశాలలో గణితము బోధించు ఉపాధ్యాయు లొకరుండిరి. పిల్లలకు ఆయన యనిన ప్రాణము. ఒక యేడు పట్టణములోని కళాశాలవారు రెట్టింపు జీతమిత్తుమనగా ఆయన వెడలిపోయిరి. వీడ్కోలు సభకు పదవ తరగతివారిలో సగముమంది రాలేదు. నల్లబల్లపై ఆయన చివరిసారి వ్రాసిన లెక్కను ఒక పిల్లవాడు కోపముతో తుడిచివేసెను. నేను చూచియు ఊరకుంటిని. నాకును లోలోపల కోపముగనే యుండెను. చెల్లెండ్ర పెండ్లిండ్లకు చేసిన అప్పులు ఆయనను బాధించుచున్నవని నేనెరుగుదును. ఎరిగియు ఆ మాట పిల్లలకు చెప్పలేదు. దానికి నేటికిని సిగ్గుపడుచున్నాను. ఆలోచింపగా, అప్పులు లేకున్నను ఆయనకు పోవు హక్కు ఉండెడిదే. మాకు ఏడేండ్లు చక్కగా పాఠము చెప్పినవాడు, జీవితాంతము మాకు బాకీపడినవాడు కాడు.

సెయింట్ లూయిస్ అభిమానులు నాకంటె మేలైనవారు. కార్డినల్స్, ఏంజెల్స్ వేర్వేరు విభాగముల జట్లగుటచే, 2019 వరకు పుహోల్స్‌కు ఆ నగరమున తిరిగి ఆడు అవకాశము రాలేదు. ఆ యేడు జూన్ 21వ తేదీన అతడు ప్రత్యర్థి జట్టు దుస్తులు ధరించి, బ్యాటు చేతబట్టి మైదానమున నడుగిడెను. క్రీడాంగణమునందలి జనులందరును లేచి నిలువబడి చాలసేపు కరతాళధ్వనులు చేసిరి. మరునాడు అతడు తమ జట్టుపైననే హోమ్ రన్ కొట్టగా, తమకు నష్టము కలిగినను మరల లేచి ఆనందించిరి. ఎనిమిదేండ్ల క్రింద పగిలిన గుండెలే ఆ చప్పట్లు కొట్టినవి.

2022లో పుహోల్స్, తన 42వ యేట, ఆ నగరమునకే తిరిగి వచ్చెను. ఈసారి అతని వేతనము ఏడాదికి 25 లక్షల డాలర్లు. అప్పటికి అతనికి ధనమునకు కొరత లేదనుట నిజమే. ఆ యేడాదియే అతడు 700 హోమ్ రన్ల సంఖ్యను దాటి, అట్లు దాటిన నాలుగవవాడుగా చరిత్రకెక్కి, 703తో క్రీడారంగమునుండి విరమించెను. పశ్చిమ తీరమున గడపిన ఏండ్లలో అతడు ఏంజెల్స్‌కు ఒక్క వరల్డ్ సిరీస్ విజయమైనను తేలేకపోయెను. అధిక ధనము అతనికి పూర్వవైభవమును కొని తేలేదు. అతడు పూర్వము సంపాదించిన ప్రేమను చెరిపివేయనూ లేదు.

విద్యార్థులారా! మీ జీవితములలోను ఇట్టి ఘట్టములు వచ్చును. మీకు ప్రియమైన ఉపాధ్యాయుడో, స్నేహితుడో, ఆటగాడో మేలైన స్థానమును వెదకికొని పోవును. ఒకనాడు మీరే పోవుదురు. అప్పుడు పోవువాడు గుర్తుంచుకొనవలసినది ఒకటి కలదు. గడువు తీరువరకు మనసు పెట్టి పనిచేయవలయును, పోవునపుడు తన్ను పెంచినవారిని కించపరుపరాదు. నిలిచినవారు గుర్తుంచుకొనవలసినదియు ఒకటి కలదు. అభిమానము మన హృదయమునకు సంబంధించినది, అధికారము కాదు. మనము ప్రేమించితిమన్న కారణమున ఒకడు మన సొత్తు కాజాలడు. వాడు మనయొద్ద నున్ననాళ్లు ఎట్లు ఆడెనో దానినిబట్టి వానిని తూచుడు. వెడలునపుడు వానికి ఒక నమస్కారము చేయుడు. నేను చేయలేకపోయిన పని అదియే.