బిల్డు ఫలితాలకు నియత స్థానం

నేడు కంప్యూటరు విద్య నేర్చే విద్యార్థి దృష్టి అంతా ప్రోగ్రాము వ్రాయడం మీదనే ఉంటున్నది. వ్రాసిన ప్రోగ్రాము కంపైలరు గుండా సాగి, పనిచేసే రూపం దాల్చిన పిమ్మట, ఆ ఫలితం ఏ ఫోల్డరులో చేరుతున్నదో ఆలోచించేవారు అరుదు. ఇది అల్పవిషయమని పలువురి భావన. కాని ఒక యంత్రం మీద చక్కగా నడిచిన ప్రాజెక్టు మరొక యంత్రం మీద మొరాయించడానికి తరచుగా ఈ అల్పవిషయమే కారణమవుతున్నది. ఏడాది పొడుగునా పడిన శ్రమ పరీక్షకుని ఎదుట పది నిమిషాలలో వ్యర్థమయ్యే ప్రమాదం ఇందులో ఉన్నది. కావున దీనిని విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచడం ఉచితమని తలుస్తున్నాను.

ప్రాజెక్టులో రెండు విధాల ఫైళ్ళు ఉంటాయి. మొదటివి మనిషి వ్రాసినవి. అవే సోర్సు ఫైళ్ళు. రెండవవి యంత్రం తయారుచేసినవి. ఆబ్జెక్టు ఫైళ్ళు, లైబ్రరీలు, చివరకు నడిచే ప్రోగ్రాము. మొదటివి పోతే తిరిగి రావు. రెండవవి ఎన్నిమార్లు పోయినా మళ్ళీ పుట్టించుకోవచ్చు. విత్తనపు వడ్లను, దంచిన బియ్యాన్ని ఒకే గాదెలో పోసే రైతు ఎక్కడా ఉండడు. అయినా మన ప్రాజెక్టులలో ఈ రెండూ కలగాపులగంగా కనిపించడం సర్వసాధారణం.

ఈ అలవాటుకు చరిత్ర లేకపోలేదు. 1976లో బెల్ ప్రయోగశాలలో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ మేక్ అనే సాధనాన్ని రూపొందించారు. ఏ ఫైలు మారిందో కాలముద్రను బట్టి గుర్తించి, అవసరమైనంత మేరకే తిరిగి కంపైలు చేయించడం దాని పని. సోర్సు ప్రక్కనే ఆబ్జెక్టు ఫైలు ఉండడం నాటి సామాన్య పద్ధతి. ఒకే యంత్రం మీద పని సాగినంతకాలం దానివల్ల పెద్ద చిక్కు కలుగలేదు. తరువాత ఒకే ప్రోగ్రాము విండోస్, లినక్స్, మాక్ వ్యవస్థలు మూడింటి మీదా నడవవలసిన కాలం వచ్చింది. 2000లో ఆరంభమైన సీమేక్ అనే సాధనం ఒకే వివరణను చదివి, ఏ వ్యవస్థకు తగిన బిల్డు ఫైళ్ళను ఆ వ్యవస్థకు వ్రాసి ఇస్తుంది. సోర్సుకు వెలుపల వేరొక ఫోల్డరులో బిల్డు చేయమని అది సిఫారసు చేస్తుంది. మన వార్షిక సంచికలో ఉర్దూ పుటలు కుడినుండి, తెలుగు పుటలు ఎడమనుండి సాగుతాయి. ముద్రాపకుడు రెండింటినీ వేర్వేరుగా అమర్చినా, రచయితల వ్రాతప్రతులను మాత్రం వాటిలో కలిపివేయడు. బిల్డు విషయంలోనూ అంతే.

వేరు ఫోల్డరు పెట్టినంత మాత్రాన పని పూర్తి కాదు. ఆ ఫోల్డరులో ఏది ఎక్కడ చేరాలో కూడా నిర్ణయించాలి. ఏమీ చెప్పకపోతే సీమేక్ ప్రధాన ప్రోగ్రామును ఒక ఉపఫోల్డరులో, దాని లైబ్రరీని మరొక ఉపఫోల్డరులో ఉంచవచ్చు. లినక్స్‌లో లైబ్రరీ ఉన్న చోటును సీమేక్ ప్రోగ్రాములోనే నమోదు చేస్తుంది గనుక అది నడుస్తుంది. విండోస్‌లో అటువంటి ఏర్పాటు లేదు. డీఎల్‌ఎల్ తన ప్రక్కన లేకపోతే, పాత్ జాబితాలోనూ దొరకకపోతే, ప్రోగ్రాము ఆరంభంలోనే ఆగిపోతుంది. సోర్సులో ఒక్క అక్షరమైనా తప్పు లేదు; అయినా ప్రాజెక్టు నడవదు!

దీనికి విరుగుడు కష్టమైనది కాదు. సీమేక్ ఫలితాలను రన్‌టైమ్, లైబ్రరీ, ఆర్కైవ్ అని మూడు తరగతులుగా విభజించి, ఒక్కొక్క దానికి ఫోల్డరు నిర్దేశించే అవకాశం ఇస్తుంది. ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. లినక్స్‌లోని షేర్డ్ లైబ్రరీ లైబ్రరీ తరగతికి చెందితే, విండోస్ డీఎల్‌ఎల్ మాత్రం రన్‌టైమ్ తరగతికి చెందుతుంది. లైబ్రరీ తరగతికి మాత్రమే చోటు నిర్దేశించినవారి ఏర్పాటు లినక్స్‌లో ఫలించి, విండోస్‌లో విఫలమవుతుంది. కావున మూడింటికీ చోటు చెప్పాలి. అదీ ప్రోగ్రామును, లైబ్రరీలను ప్రకటించే వాక్యాలకు ముందే చెప్పాలి. తరువాత చెప్పినది వాటికి వర్తించదు. విజువల్ స్టూడియో వంటివి ఆ చోటి క్రింద డీబగ్, రిలీజ్ అనే ఉపఫోల్డర్లను తామే చేర్చుతాయన్నది కూడా మరువరాదు.

ఇక చోటును సూచించే తీరు. సి డ్రైవులో ఫలానా విద్యార్థి పేరుగల ఫోల్డరు అని పూర్తి చిరునామా వ్రాస్తే, అది ఆ విద్యార్థి యంత్రానికే పరిమితం. ప్రాజెక్టు మూలస్థానం నుండి లెక్కించిన చిరునామాయే అన్నిచోట్లా చెల్లుతుంది. పెద్దబడి, చిన్నబడి ఆంగ్లాక్షరాల భేదాన్ని విండోస్ సాధారణంగా పట్టించుకోదు, లినక్స్ పట్టించుకుంటుంది. బిల్డు ఫోల్డరునే పెన్‌డ్రైవులో మోసుకుపోవడం మరొక పొరపాటు. సీమేక్ తన జ్ఞాపక ఫైలులో పూర్తి చిరునామాలను దాచుకుంటుంది. చోటు మారితే ఆ ఫైలును అంగీకరించక పని నిలిపివేస్తుంది.

"సాధనమే అన్నీ చూసుకుంటుంది, విద్యార్థికి ఈ భారమెందుకు?" అని కొందరు అడుగవచ్చు. సాధనం తన అలవాటు ప్రకారం చూసుకుంటుందే గాని, మన అవసరం దానికి తెలియదు. "పరీక్షకునికి సిద్ధమైన ప్రోగ్రాము కావాలి గనుక బిల్డు ఫోల్డరును కూడా సమర్పించాలి" అనే వాదమూ ఉన్నది. ఇందులో కొంత సత్యమున్నది. అయితే ఇతరులకు అందించే ప్రతిని తయారుచేయడానికి ఇన్‌స్టాల్ అనే ప్రత్యేక దశ ఉన్నది. బిల్డు ఫోల్డరు వంటిల్లు. అతిథికి వడ్డించే విస్తరి వేరు.

ఇది సీమేక్‌కు మాత్రమే చెందిన నీతి కాదు. జావాలోని మేవెన్, రస్ట్‌లోని కార్గో తమ ఫలితాలను టార్గెట్ అనే ఒకే ఫోల్డరులో ఉంచుతాయి. ప్రాజెక్టుకొక బిన్, ఒక ఆబ్జ్ ఫోల్డరు సృష్టించే డాట్‌నెట్ సైతం 2023లో వెలువడిన ఎనిమిదవ సంచికలో, కోరినవారికి అన్నింటినీ ఒకేచోట చేర్చే సౌకర్యం కల్పించింది.

కళాశాల కమిటీకి నా విన్నపం ఒక్కటే. ప్రాజెక్టును స్వీకరించేముందు చిన్న పరీక్ష పెట్టండి. బిల్డు ఫోల్డరును పూర్తిగా తొలగించి, సోర్సును మాత్రమే మరొక వ్యవస్థగల యంత్రంలోకి తీసుకొని, విద్యార్థి వ్రాసి ఇచ్చిన సూచనల మేరకు తిరిగి నిర్మించి చూడండి. నడిస్తే దానికి కొన్ని మార్కులు కేటాయించండి. ఇందుకు కొత్త యంత్రాలు కొననక్కరలేదు. ప్రయోగశాలలోని ఒక పాత యంత్రం మీద లినక్స్ ఉచితంగా నెలకొల్పవచ్చు.

విద్యార్థి మిత్రులారా! రేపు మీరు పనిచేయబోయే చోట మీ ప్రోగ్రామును మీరెన్నడూ చూడని వ్యక్తి, మీరెన్నడూ తాకని యంత్రం మీద నిర్మిస్తాడు. అతనికి మీరు ప్రక్కన నిలిచి వివరించలేరు. మీ బదులు మాట్లాడేది మీ ప్రాజెక్టులోని క్రమమే. ఆ క్రమాన్ని నేర్చుకోవడానికి తరగతి గదిని మించిన చోటు లేదు.