మోరీ లెక్క అడగబోతే దేశభక్తి లెక్క అడిగారు

బల్దియా ఎన్నికంటే మోరీల ఎన్నిక. నల్లాల ఎన్నిక. చెత్తబండి వస్తుందా రాదా, గల్లీలో దీపం వెలుగుతుందా లేదా, శ్మశానానికీ ఖబరస్తాన్‌కీ దారి ఉందా లేదా అని అయిదేళ్ళకోసారి లెక్క తేల్చుకునే పంచాయితీ. అలాంటి పంచాయితీలో ఒక ఖౌమ్ మొత్తాన్ని బోనులో నిలబెట్టి ‘నీ వతన్ ఏది’ అని అడిగారు. 2020 డిసెంబర్ 1న హైదరాబాద్‌లో జరిగిన ఎన్నిక అదే. అది మా గురించి జరిగింది. మా కోసం జరగలేదు.

ఆ ఏడాది అక్టోబర్ 13, 14 తేదీల వానకి నగరం మునిగింది. ఫలక్‌నుమా దగ్గర అల్ జుబైల్ కాలనీ మునిగింది. నాలుగు రోజులు తిరక్కముందే గుర్రం చెరువు కట్ట తెగి చాంద్రాయణగుట్ట వైపు బస్తీలు మళ్ళీ మునిగాయి. అటు సరూర్‌నగర్, హయత్‌నగర్ వైపు కాలనీలూ మునిగాయి. నీళ్ళు ఎవరి పేరూ అడగలేదు. దేవుడి గూట్లో కుంకుమ భరిణెనూ రెహల్ మీది ఖురాన్‌నూ ఒకే తీరుగా తడిపాయి. ఇంటికి పదివేల సాయమన్నారు. పంపకం సగంలో ఉండగానే ఎన్నికల ప్రకటన వచ్చింది. ఎన్నికల సంఘం సాయం ఆపించింది. మీసేవ కేంద్రాల ముందు పొద్దుట్నుంచీ నిలబడ్డ వరసల్లో బుర్ఖాలున్నాయి, బొట్లున్నాయి. అందరూ ఉత్తి చేతులతోనే ఇళ్ళకు మళ్ళారు.

ఆ రోజు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. నాలాల్ని ఎవరు మింగారు? చెరువుల శిఖం భూముల్ని ఎవరు ప్లాట్లు చేసి అమ్మారు? 2000 ఆగస్టు వరదల తర్వాతే కిర్లోస్కర్ కన్సల్టెంట్లతో నాలాల మీద అధ్యయనం చేయించారు. ఇరవై ఏళ్ళు గడిచాయి. తెలుగుదేశం ఏలింది, కాంగ్రెస్ ఏలింది, టీఆర్ఎస్ ఏలింది. మజ్లిస్ బల్దియాలో బలంగానే ఉంది. నాలా మాత్రం ఏటేటా సన్నబడింది.

ఆ ప్రశ్నని గొంతులోనే నొక్కేశారు. పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రైక్ చేస్తామన్నాడు బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడిగా ఉన్న బండి సంజయ్. సర్జికల్ స్ట్రైక్ శత్రుదేశం మీద చేస్తారు. అంటే మా గల్లీలు ఎవరి దేశం? ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి వచ్చి ఊరి పేరు భాగ్యనగర్ అని మారుద్దామన్నాడు. కేంద్ర హోంమంత్రి వచ్చి చార్మినార్ పక్కన భాగ్యలక్ష్మి గుడిలో పూజచేసి, నిజాం సంస్కృతి నుంచి నగరాన్ని విడిపిస్తామన్నాడు. ఒక కార్పొరేషన్ ఎన్నికకు ఇంతమంది ఢిల్లీ, లక్నోల నుంచి దిగారు గదా, పొంగిన ఒక్క మోరీ గురించయినా గట్టిగా మాట్లాడారా?

నిజాం మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. నిజాం మా తాత కాదు. జాగీర్దారీ కింద నలిగినవాళ్ళలో పేద ముస్లింలూ ఉన్నారు. 1948లో రజాకార్ల చేతిలో హతుడైన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ మావాడే, మా వృత్తివాడే. ఆ చరిత్రని మాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. అయితే 1908 సెప్టెంబర్‌లో మూసీ ఊరిని ముంచెత్తాక విశ్వేశ్వరయ్యని పిలిపించి ప్రణాళిక వేయించింది, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టించింది కూడా ఆ పాలనే. రాజులు వరద తర్వాత చెరువులు కట్టించారు. ప్రజాస్వామ్యం పేరిట వచ్చినవాళ్ళు వరద తర్వాత ఊరి పేరు మారుస్తామన్నారు. విడిపించాల్సింది దేన్నుంచో పాఠకులే తేల్చుకోవాలి.

ఫలితాలు చూడండి. 150 డివిజన్లలో, నేరేడ్‌మెట్ ఫలితం ఆలస్యంగా వచ్చాక, టీఆర్ఎస్‌కి 56. బీజేపీకి 48. మజ్లిస్‌కి 44. కాంగ్రెస్‌కి 2. అంతకుముందు 2016లో టీఆర్ఎస్‌కి 99, బీజేపీకి 4. ఎల్.బి.నగర్ నియోజకవర్గంలోని 11 డివిజన్లూ బీజేపీ ఖాతాలో పడ్డాయి. ఇళ్ళు మునిగినవాళ్ళ కోపం అది. ఆ కోపం న్యాయమైందే. పాలించినవాళ్ళ మీదకు పోవాల్సిన ఆ కోపాన్ని బీజేపీ మెల్లగా మా మీదకు మళ్ళించింది.

మరి మా కోపం ఏమయింది? మా ఇళ్ళూ మునిగాయి గదా. మా పిల్లల పుస్తకాలూ నీళ్ళలో పోయాయి గదా. మజ్లిస్‌కి 2009లో 43, 2016లో 44, 2020లోనూ 44. కట్ట తెగినా లెక్క తెగలేదు. ఎందుకు? ఇంటిమీద సర్జికల్ స్ట్రైక్ చేస్తామని ఒకడు బెదిరిస్తుంటే ఇంట్లోవాడిని మోరీ లెక్క ఎవడు అడుగుతాడు? అక్కడ కోపం ఓటేసింది. ఇక్కడ భయం ఓటేసింది. బీజేపీ మా మీద విసిరిన ప్రతి తిట్టూ మా కార్పొరేటర్లకి గొడుగయింది. హిసాబ్ అడిగినవాడు ఖౌమ్‌కి గద్దార్ అయ్యాడు. ఇత్తెహాద్ అంటే ఐక్యత. నోరు మూసుకోవడానికి ఇత్తెహాద్ అని పేరు పెట్టుకున్నాం మేం.

మజ్లిస్ నిలబడింది 51 చోట్ల. గెలిచింది 44. ఇది తెలివైన లెక్కే. 150 డివిజన్ల నగరంలో అంతకుమించి కలగనకపోవడం కూడా లెక్కేనా? ప్రచారంలో టీఆర్ఎస్, మజ్లిస్ ఒకరినొకరు దుమ్మెత్తి పోసుకున్నారు. పి.వి., ఎన్టీఆర్ ఘాట్ల కూల్చివేత దాకా మాటలు పోయాయి. 2021 ఫిబ్రవరి 11న మేయర్ ఎన్నికలో మజ్లిస్ సభ్యులు టీఆర్ఎస్‌కి చెందిన గద్వాల విజయలక్ష్మికి చేతులెత్తారు. బీజేపీని ఆపడానికన్నారు. సరే, ఆపాలి. ఎత్తిన ఆ చేతులకి బదులుగా ఏం అడిగారు? ఎన్ని నాలాల వెడల్పు? ఏ బస్తీకి ఎప్పటికి? ఏ కాగితం మీద? ఆ బేరం మాకెవరూ చెప్పలేదు. 2024లో ఆ మేయర్ కాంగ్రెస్‌లో చేరారు. మా చేతులు ఎక్కడెత్తినవి అక్కడే ఉన్నాయి.

ఇదే మజ్లిస్ 1980ల చివర్లో దళితుల్ని, వెనకబడిన కులాలవాళ్ళని ఈ నగరానికి మేయర్లుగా కూర్చోబెట్టింది. ఆ దారి ఎక్కడ తప్పింది? ఇప్పుడు బీసీ డివిజన్లలో ముస్లింలు గెలిచారని బీజేపీ నాయకులు గగ్గోలు పెడుతుంటే గట్టిగా జవాబు చెప్పేవాళ్ళు లేరు. మాలో దూదేకులవాళ్ళు, ఫకీర్లు, హజ్జాములు, ఖురేషీ కసాయిలు, గారడీవాళ్ళు లేరా? వీళ్ళ వెనకబాటు సర్కారు జాబితాల్లో లేదా? చేతివృత్తి ఒకటే అయినా నమాజు చేస్తే వెనకబాటు పోతుందా? ఈ మాట మంగలి, చాకలి, గౌడ సోదరుల వాకిళ్ళకు వెళ్ళి చెప్పాల్సినవాళ్ళు 44 తోనే కడుపు నింపుకున్నారు.

ఇక లౌకిక మిత్రులకు ఒక మాట. మేం రెండు భాషల్లో పత్రికలు చదివేవాళ్ళం, రాసేవాళ్ళం. ఉర్దూ పేజీలో మా నాయకుణ్ణి అడగని ప్రశ్న తెలుగు పేజీలో మా ఖౌమ్‌ని అడుగుతారు. తెలుగు పేజీలో పాతబస్తీ అంటే కర్ఫ్యూ, కత్తిపోటు, బిర్యానీ, హలీం. అక్కడ నల్లా రాని సంగతి ఏ పేజీలో వస్తుంది? బీజేపీని ఆపాల్సిన రోజు మాత్రం మీకు మేం గుర్తొస్తాం. వరదొచ్చినప్పుడు గట్టుకి అడ్డంవేసే ఇసుక బస్తాలం మేం. నీళ్ళు తీయగానే బస్తాల్ని రోడ్డు పక్కన పడేస్తారు. తడిసిన బస్తా బరువెంతో మీరెప్పుడైనా ఎత్తి చూశారా?

2020లో ఎన్నికైన ఆ కౌన్సిల్ గడువు 2026 ఫిబ్రవరిలో తీరిపోయింది. బల్దియా హద్దులు ఎట్లా మార్చినా, డివిజన్లు ఎన్ని చేసినా మళ్ళీ ఎన్నికలొస్తాయి. మళ్ళీ ఎవడో వచ్చి మా వతన్ ఏదని అడుగుతాడు. మళ్ళీ మావాడొకడు వచ్చి ఇజ్జత్ కోసం ఓటెయ్యమంటాడు. ఇద్దరికీ మా జవాబు ఒకటే కావాలి. మా వతన్ ఈ గల్లీ. మా ఇజ్జత్ ఈ గల్లీలో మురుగు నిలవకపోవడం. 74వ రాజ్యాంగ సవరణ వార్డు కమిటీలు పెట్టమంది. ఆ కమిటీలో మా ఆడవాళ్ళని కూర్చోబెట్టండి. ఏ నాలాకి ఎంత వచ్చింది, ఎంత పోయింది, తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి మస్జిద్ గేటుకీ గుడి గోడకీ అంటించండి. లెక్క చెప్పినవాడికే ఓటు. చెప్పనివాడు టోపీ పెట్టుకున్నా, తిలకం పెట్టుకున్నా, గులాబీ కండువా వేసుకున్నా మాకొకటే.

భయపడి వేసిన ఓటుకి రసీదు ఉండదు. ఈసారి మాకు రసీదు కావాలి.